వయస్సు – వినోదము : బళ్ళారి సీమ చరిత్ర

వినోదము యౌవనమునకు సంబంధించినదనియు, వయస్సు ముదిరినకొలది మానవుడు వినోదమునుండి విరక్తికి మరలుననియు లోకమున నొక సామాన్యాభిప్రాయము కలదు. పెద్దలు పిన్నల వేడుకలను చూచి కాలము చెడినదనుటయు, పిన్నలు పెద్దల వేడుకలను చూచి విసుగు చెందుటయు ప్రతి తరమునను కానవచ్చుచునే యున్నవి. ఈ అభిప్రాయము ఎంతవరకు సత్యమో విచారించుటకు తెలుగువారి చరిత్రలో బళ్ళారి సీమ చక్కని ఉదాహరణము. ఆధునికాంధ్ర నాటకరంగమునకు పట్టుగొమ్మయైన ఈ సీమలో, వినోదమను మాటనే తన పేరున ధరించిన సభ యొకటి 1886లో వెలసినది. దానిని స్థాపించినవారు ఆటపాటల ప్రాయమువారు కారు. సంసారభారమును వృత్తిభారమును వహించిన నడివయస్సువారు. అంతకంటె విశేషము, తెలుగున తొలి విషాదాంత నాటకముగా పేరొందిన కృతి ఆ వినోదసభ రంగస్థలముననే వెలువడినది. వినోదమునకై కూడినవారు దుఃఖమును కోరుట పైకి విరోధముగా తోచును. ఆ విరోధమును విప్పిచూచినచో వయస్సునకును వినోదమునకును గల సంబంధము కొంత తేటపడును.

వినోద శబ్దార్థము

సంస్కృతమున 'నుద్' ధాతువునకు త్రోయుట యని అర్థము. 'వి' ఉపసర్గ చేరగా దూరముగా త్రోయుట, తొలగించుట యను అర్థమేర్పడినది. కావున వినోదమనగా మొదట సంతోషము కాదు. శ్రమనో, దుఃఖమునో, తోచనితనమునో తొలగించునది. సంతోషమను అర్థము పిమ్మట వచ్చి చేరినది. తెలుగున 'ప్రొద్దుపుచ్చుట' యను నుడికారమునందును ఇట్టి భావమే యిమిడియున్నది. గడవని ప్రొద్దును గడపుట యని దాని తాత్పర్యము.

ఈ మూలార్థమును గుర్తుంచుకొన్నచో విషయము సులభమగును. మనుష్యుని మనస్సునుండి తొలగింపవలసినది వయస్సుతో మారును. బాలునికి ఊరకుండుటయే బాధ. కావున పరుగు, గంతు, కేరింత అతనికి వినోదములు. యువకునికి తన బలమును, రూపమును, నేర్పును పదిమంది యెదుట చూపకుండుట బాధ. కావున పోటీయు ప్రదర్శనమును అతనికి వినోదములు. నడివయస్సువానికి నిత్యకృత్యపు విసుగు బాధ. వృద్ధునికి నష్టమును ఒంటరితనమును బాధలు. బాధ మారినపుడు దానిని తొలగించు సాధనము మారుట సహజమే కదా! బళ్ళారి చరిత్రయందు ఈ మార్పు ఎట్లు కానవచ్చునో క్రమముగా పరిశీలింపవచ్చును.

బళ్ళారి సీమ

బళ్ళారి ప్రాంతమును 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. నాటి బళ్ళారి జిల్లా మిక్కిలి విశాలమైనది. 1882లో దానినుండి అనంతపురము జిల్లా వేరైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునందు చేరినవి. బళ్ళారి పట్టణముతో సహా తక్కిన జిల్లా మైసూరు రాష్ట్రమునకు చెందినది. 2021లో హంపి, హోసపేట మొదలగు పశ్చిమభాగము విజయనగర జిల్లాగా ఏర్పడినది. పాలనాపరమైన గీతలు ఇన్నిమార్లు మారినను, ఈ సీమ ప్రజలు కన్నడమును తెలుగును కలగలిపి మాటాడుట మానలేదు. సంతలోను, న్యాయస్థానపు అరుగుమీదను, జాతరలోను రెండు భాషలును ఒకే నోట వినవచ్చును. ఇచ్చటి వినోదములును అట్లే రెండు భాషల ఉమ్మడి సొత్తు.

రాజుల వినోదములు

ఈ ప్రాంతమును ఏలిన కల్యాణ చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున 'మానసోల్లాసము' అను గ్రంథమును రచించెను. దానియందు 'వినోదవింశతి' యను భాగము కలదు. ఇరువది వినోదములు అందు శాస్త్రముగా వివరింపబడినవి. ఆయుధప్రదర్శనము, ఏనుగులపైనను గుఱ్ఱములపైనను స్వారి, మల్లయుద్ధము, కోడిపందెము, పొట్టేళ్ల పోరు, పావురముల వినోదము, డేగవేట మొదలగునవి అందు కలవు. గీతము, వాద్యము, నృత్యము, కథ యనునవియు ఆ ఇరువదిలోనివే. ఒళ్ళు అలయునట్టి వినోదమునకును, కూర్చుండి వినునట్టి వినోదమునకును ఆ రాజు సమానమైన స్థానమిచ్చుట గమనింపదగినది. కథ వినుటకంటె కుస్తీ పట్టుట గొప్పదనిగాని, కుస్తీకంటె కథ గొప్పదనిగాని ఆతడు తీర్పు చెప్పలేదు.

నాలుగు శతాబ్దముల పిమ్మట హంపీ విజయనగరమున జరిగిన మహానవమి ఉత్సవములను పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ 1520 ప్రాంతమున కన్నులార చూచి వ్రాసెను. తొమ్మిదినాళ్ల ఆ ఉత్సవమున మల్లులు దంతములు రాలునట్లు, ముఖములు చెదరునట్లు పోరాడిరనియు, నర్తకీమణులు నాట్యమాడిరనియు, రాత్రివేళ బాణసంచా వెలుగులతో ఆకాశము నిండెననియు ఆతని వర్ణన. అప్పటికి శ్రీకృష్ణదేవరాయలు ఏబదియేండ్లకు చేరువగా నుండెను. రాయలు ప్రతిదినము వేకువనే నువ్వులనూనె త్రాగి, ఒంటికి నూనె పట్టించి, కత్తిసాము చేసి, మల్లునితో పెనుగులాడుచుండెనని ఆ యాత్రికుడే తెలిపినాడు. అట్టి రాయలు మహానవమినాడు మాత్రము మల్లరంగమున దిగలేదు. సింహాసనము చెంత కూర్చుండి చూచెను. తాను నిత్యము చేయు విద్యను పదిమంది యువకులు చేయగా చూచి ఆనందించుట వేరొక వినోదము. చేయువాని ఆనందము తెలిసినవానికే ఆ చూచుటలోని రుచి తెలియును. కావున పెద్దతనమున చేరిన వినోదము పిన్నతనపు వినోదమునకు శత్రువు కాదు. దానిపై లేచిన రెండవ అంతస్తు వంటిది.

పల్లెలో ఒక రాత్రి

రాజుల ముచ్చట అట్లుండగా, పల్లెలలో తోలుబొమ్మలాట సర్వజనుల వినోదము. పంటలు ఇంటికి చేరిన పిమ్మటనో, వానలు కురియవలెనను మ్రొక్కుతోనో ఊరివారు బొమ్మలాటను ఆడించుచుండిరి. ఆట రాత్రి మొదలై తెల్లవారువరకు సాగెడిది. రామాయణ భారత కథల నడుమ తెలుగువారి కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీదికి వచ్చి మోటుహాస్యము పండించుచుండిరి. కన్నడ ప్రాంతమున కిళ్లేక్యాత యను హాస్యపు బొమ్మయు బంగారక్కయు ఆ పనినే చేయుదురు.

ఒకే తెర యెదుట మూడు తరములవారు కూర్చుండెడివారు. పిల్లలు హాస్యపు బొమ్మల కొరకు వేచియుండి, అవి రాగానే కేకలు పెట్టి, రెండవ జామునకు తల్లుల ఒడిలో నిద్రపోయెడివారు. యువకులకు యుద్ధఘట్టములు ప్రీతి. ఇంద్రజిత్తు బాణమునకు లక్ష్మణుడు మూర్ఛిల్లిన సమయమున రాముడు చేయు విలాపము మాత్రము, పిల్లలు నిద్రించిన పిదప, ముసలివారు కన్నుల నీరు పెట్టుకొనుచు వినెడివారు. ఆటగాండ్రు ఈ క్రమమును ఎరిగియే కథ నడపెడివారు. ఒక్కొక్క వయస్సునకు ఒక్కొక్క ఆట ఆడలేదు. ఒక్క ఆటలోనే అన్ని వయస్సులకును పాలు పంచిరి. జానపద వినోదమునకు గల ఈ ఔదార్యము పట్టణ వినోదమునకు తరువాతి కాలమున దుర్లభమైనది.

సరస వినోదిని

పందొమ్మిదవ శతాబ్దాంతమునకు బళ్ళారి ఒక పెద్ద కంటోన్మెంటు పట్టణము. న్యాయస్థానములు, పాఠశాలలు, రైలుమార్గము వచ్చినవి. ఇంగ్లీషు చదివిన వకీళ్లు, ఉద్యోగులు ఒక క్రొత్త వర్గముగా ఏర్పడిరి. వీరికి బొమ్మలాట మోటుగా తోచెను. పాత భోగమేళములకు పోవుట పరువు తక్కువగా తోచెను. పగలెల్ల పరభాషలో వ్యాజ్యముల కాగితములతో గడపిన మనస్సునకు సాయంకాలము ఏమి కావలెనో వారికి తెలియకుండెను. అప్పటికే 1880లో ధారవాడ నాటకసమాజము కోస్తా పట్టణములలో ప్రదర్శనము లిచ్చుటయు, అదే యేట రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు విద్యార్థులచే నాటకమాడించుటయు జరిగినవి. నాటకమను క్రొత్త వేడుక తెలుగుదేశమున అన్నివైపుల మొలకెత్తుచుండెను.

అట్టి తరుణమున, 1886లో, బళ్ళారిలో న్యాయవాదియైన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 'సరస వినోదిని సభ'ను స్థాపించిరి. ఆచార్యులవారు 1853లో జన్మించిరి. సభాస్థాపన నాటికి వారికి ముప్పదిమూడేండ్లు. రాజమహేంద్రవరమున నటులు విద్యార్థులు కాగా, బళ్ళారియందు వకీళ్లు, ఉద్యోగులు, గృహస్థులు. వేషము కట్టుట ఆటవాండ్ర పని యనియు, పెద్దమనుష్యులకు తగదనియు భావించిన కాలమది. న్యాయస్థానమున గౌరవము నార్జించిన వకీలు రాత్రివేళ ముఖమునకు రంగు పూసికొని వందలమంది యెదుట నిలుచుటకు ఎంతటి సాహసము కావలెనో నేడు ఊహించుట కష్టము. యువకుడు వేషము వేసిన చిలిపితనమని క్షమింతురు. నడివయస్సువాడు వేసిన లోకము నవ్వును. ఆ నవ్వును లెక్కచేయక వారు వేసిరి.

ఆచార్యులవారు 'చిత్రనళీయము', 'పాదుకాపట్టాభిషేకము', 'ప్రహ్లాద', 'విషాద సారంగధర' మొదలైన నాటకములు రచించిరి; స్వయముగా నటించిరి; నాటకమున పాటలను ప్రవేశపెట్టిరి. కన్నడమునను నాటకము రచించిరి. ఆంధ్రనాటక పితామహుడని తెలుగువారు వారిని గౌరవించిరి. అదే పట్టణమున, అదే న్యాయవాదవృత్తియందున్న కోలాచలము శ్రీనివాసరావుగారు 'సుమనోరమ సభ' పక్షమున నిలిచిరి. 1854లో హంపికి చేరువనున్న కమలాపురమున పుట్టిన రావుగారు రామకృష్ణమాచార్యులవారికంటె ఒక యేడు చిన్నవారు. విజయనగర పతనమును ఇతివృత్తముగా గైకొని నాటకము రచించి చారిత్రక నాటక పితామహుడని పేరొందిరి. ప్రపంచ నాటకచరిత్రను ఇంగ్లీషున గ్రంథముగా వ్రాసి 1908లో వెలువరించిరి. ఇద్దరు సమవయస్కులైన వకీళ్లు పగలు న్యాయస్థానమునను, రాత్రి నాటకరంగమునను పోటీపడుట ఆ పట్టణమునకే యొక వినోదముగా నుండెడిది. పోటీ యువకుల గుణమని పైన చెప్పబడినది; ఆ గుణము నడివయస్సున నశింపక విద్యగా పరిణమించినదని వీరి చరిత్రవలన తెలియుచున్నది.

పదునెనిమిదేండ్ల ప్రేక్షకుడు

సరస వినోదిని సభవారు 1891లో చెన్నపట్టణమునకు పోయి నాటకములు ప్రదర్శించిరి. ఆ ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ మొదలియారు అను తమిళ యువకుడు ఉండెను. 1873లో జన్మించిన ఆతనికి అప్పటికి పదునెనిమిదేండ్లు. తమిళ వీథినాటకముల యెడ ఆతనికి అంతవరకు చులకనభావముండెను. బళ్ళారినుండి వచ్చిన నటులు చదువుకొన్న గౌరవనీయులు, న్యాయవాదులు, ఉద్యోగులు అని తెలిసినపుడు, వారి నటనమును చూచినపుడు, ఆతని అభిప్రాయము తలక్రిందులైనది. ఆ సంవత్సరముననే, జూలై 1న, మిత్రులతో కలిసి ఆతడు 'సుగుణ విలాస సభ'ను చెన్నపట్టణమున స్థాపించెను. ఆధునిక తమిళ నాటకమునకు మూలపురుషుడని పేరొందిన మొదలియారు తన నాటకజీవితమునకు బళ్ళారివారి ప్రదర్శనమే నాందియని పెద్దవయస్సున వ్రాసికొన్న స్మృతులలో కృతజ్ఞతతో తెలిపినాడు. ఆతడును పిమ్మట న్యాయవాదియై, న్యాయాధిపతియై, నాటకమును మాత్రము విడువలేదు.

ఈ ఘట్టము విషయమునకు ముఖ్యమైనది. పెద్దల వినోదమును చూచి పిన్నవాడు విసుగుచెందునను సామాన్యాభిప్రాయము ఇచ్చట తప్పినది. ఆ పదునెనిమిదేండ్ల యువకుని ఆకర్షించినది రంగుల తెరలు మాత్రమే కాదు. పెద్దలు ఆ పనిని గౌరవముతో చేయుట. తమ వినోదమును తామే చిన్నచూపు చూచుకొను పెద్దలనుండి పిన్నలు నేర్చునది ఏమియు నుండదు. తమ వేడుకకు నియమమును శ్రద్ధయు చేర్చినవారి వెంట పిన్నలు నడచుదురు. భాషయు అడ్డము రాదు.

సారంగధరుని పావురము

'విషాద సారంగధర' కథ తెలుగువారికి సుపరిచితము. రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరుడు పావురమునెగురవేసి యాడుచుండగా, ఆ పావురము సవతితల్లి చిత్రాంగి మందిరముపై వ్రాలును. దానికొరకు ఆతడు లోనికి పోవుటయే అనర్థమునకు మూలము. చిత్రాంగి కోరికను తిరస్కరించి, ఆమె మోపిన నిందవలన తండ్రి ఆజ్ఞచే కాలుసేతులు ఖండింపబడును. పూర్వకథలలో సిద్ధుల అనుగ్రహమున సారంగధరుడు తిరిగి అవయవములు పొందును. రామకృష్ణమాచార్యులవారు ఆ ఊరటను తొలగించి నాటకమును విషాదముననే ముగించిరి. సంస్కృత నాటక సంప్రదాయము మంగళాంతమును విధించుటచే ఈ పని విమర్శకు గురియైనది.

పావురముల వినోదము సోమేశ్వరుని ఇరువదిలో నొకటియని పైన చూచితిమి. రాచకుమారునికి తగిన, నిందలేని వినోదమది. ఆ నిర్దోషమైన వేడుక వెనుక ఇంత దుఃఖము పొంచియుండునని యువకునికి తెలియదు; తండ్రికి తెలిసినప్పటికి సమయము మించిపోవును. ఈ కథను ఇరువదియేండ్లవాడు చూచినచో సారంగధరుని ధీరత్వము కనబడును. ఏబదియేండ్లవాడు చూచినచో రాజరాజు పశ్చాత్తాపము కనబడును. తొందరపడి పిల్లవానిని శిక్షించిన ప్రతి తండ్రియు ఆ ప్రేక్షకులలో కూర్చుండియుండెను. 'పాదుకాపట్టాభిషేకము'నందలి దశరథుడును కుమారుని అడవికి పంపిన తండ్రియే యగుట విస్మరింపరాదు.

వినోదసభ విషాదము నేల కోరినదను ప్రశ్నకు సమాధానమిచ్చట దొరకును. నడివయస్సు దాటినవాని మనస్సునుండి తొలగింపవలసినది దుఃఖము. అది నవ్వుచే కొంతసేపు మరుగుపడును గాని తొలగదు. తనవంటి దుఃఖమును వేరొకనియందు చూచి, పదిమందితో కలిసి కన్నీరు విడిచినపుడు బరువు తగ్గును. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు విషాదనాటకమును గూర్చి చెప్పిన శోధనవాదమును ఇంగ్లీషు చదువులవలన ఎరిగినవారు అప్పటి వకీళ్లలో ఉండవచ్చును. కాని బొమ్మలాట తెరముందు రాముని విలాపమునకై మేల్కొనియున్న ముసలివారు ఆ గ్రంథము చదువకయే ఆ సత్యమును గ్రహించిరి.

రాఘవ జీవితమున మూడు వయస్సులు

రామకృష్ణమాచార్యులవారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించెను. బళ్ళారి రాఘవ యను పేర జగద్విఖ్యాతుడైనాడు. సభ వెలసిననాటికి ఆయనకు ఆరేండ్లు. మేనమామ యింట వినోదమనగా నాటకము. ఆ బాలునికి అది ఆట. విద్యార్థిదశయందే నాటకములాడి, బళ్ళారిలో షేక్స్పియరు క్లబ్బును నెలకొల్పి, ఇంగ్లీషు నాటకములను సాధన చేసెను. 1905లో న్యాయశాస్త్రపట్టము పొంది బళ్ళారిలోనే వృత్తినారంభించెను.

యౌవనమున రాఘవకు పేరు తెచ్చిన పాత్రలు ప్రచండమైనవి. శ్రీనివాసరావుగారి విజయనగర పతన నాటకమున పఠాను, పౌరాణికములలో హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు – వీరందరు గర్జించువారు. ప్రేక్షకులు బెదరునట్లు, ఊగిపోవునట్లు నటించుటయందు ఆయనకు ఉల్లాసముండెను. కాని వయస్సు పెరిగినకొలది ఆయన రుచి మారినది. రాగములు తీయుచు పద్యమును సాగదీయుటను ఆయన నిరసించెను. పాత్రను పాటకు బలియీయరాదనెను. పాటలను నాటకమున ప్రవేశపెట్టినవారు స్వయముగా ఆయన మేనమామయే. ఇది మేనమామ యెడ అగౌరవము కాదు. ముందు తరమువారి క్రొత్తదనము తరువాతి తరమునకు పాతబడుట సహజము. పాతబడిన దానిని విడుచుటకు తానే నలువది దాటిన పిమ్మట పూనుకొనుట రాఘవ విశేషము.

1928లో, నలువదియెనిమిదేండ్ల వయస్సున, రాఘవ ఇంగ్లండు పోయి అచ్చటి నాటకరంగమును పరిశీలించి, బెర్నార్డు షా మొదలైనవారిని కలిసికొనెను. తిరిగివచ్చిన పిదప ఆయన దృష్టి సాంఘిక నాటకములవైపు మరలినది. పి.వి. రాజమన్నారుగారి 'తప్పెవరిది' నాటకమును రంగమెక్కించెను. రాచమందిరము స్థానమున ఒక సామాన్య గృహపు గది; గర్జన స్థానమున మాట నడుమ మౌనము. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని ఆయన పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి మొదలగు విద్యావతులను రంగమునకు తెచ్చెను. అంతవరకు స్త్రీవేషము లేబ్రాయపు పురుషుల కళ; గొంతు ముదరగానే అనేకులు ఆ పాత్రలను వదలుకొనవలసివచ్చెడిది. స్త్రీలు వచ్చిన పిదప రంగస్థలమున స్త్రీపాత్ర కూడ వయస్సుతో ఎదుగుటకు వీలు కలిగినది.

మూడవదశయందు రాఘవకు 'దీనబంధు కబీరు' వంటి శాంతపాత్రలు ప్రియమైనవి. ఆ నాటకమును హిందీలో ఆయన ప్రదర్శింపగా మహాత్మాగాంధీ చూచి మెచ్చుకొనెను. హిరణ్యకశిపునినుండి కబీరువరకు నడచిన ఈ త్రోవ ఒక నటుని జీవితమున వినోదము వయస్సుతో మారిన త్రోవయే. మొదట తన్ను జనము చూడవలెనను కోరిక. పిమ్మట నాటకము సత్యముగా నుండవలెనను కోరిక. తుదకు చూచినవారి మనస్సు తేలికపడవలెనను కోరిక. నాటకములవలన ఆయన ధనమాశింపలేదు, న్యాయవాదవృత్తియే జీవనాధారము. 1946 ఏప్రిల్ 16న అరువదియైదేండ్ల ప్రాయమున బళ్ళారిలో కన్నుమూసెను. ఆయన స్మారకముగా 1981లో భారత తపాలాశాఖ బిళ్లను విడుదల చేసినది.

వెండితెర రాక

వయస్సుతో వినోదము మారుటయందు ఎల్లవేళల సుఖమే కలదనుట సరికాదు. ఏబదియారేండ్ల వయస్సున, 1936లో, రాఘవ 'ద్రౌపదీ మానసంరక్షణము' చలనచిత్రమున దుర్యోధనుడుగా నటించెను. అదే యేట అదే కథతో వెలువడిన 'ద్రౌపదీ వస్త్రాపహరణము' జనాదరణ పొందగా, రాఘవ చిత్రము నిలువలేదు. రంగస్థలమున వేలమందిని శాసించిన నటుడు తెరమీద తన కాలము గడచినదని తెలిసికొనవలసి వచ్చినది. కాని 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి 'రైతుబిడ్డ'లో ఆయన సామాన్య రైతు కష్టములను చూపు చిత్రమున నటించుటకు వెనుదీయలేదు. జమీందారీ వ్యవస్థను విమర్శించిన ఆ చిత్రము కొన్ని ప్రాంతములలో నిషేధమునకు గురియైనది. అరువదియేండ్లకు చేరువైన నటుడు తన వినోదమును లోకము కష్టముతో ముడిపెట్టుకొనుట గమనింపదగినది.

ఇంతలో బళ్ళారి యువకులు నాటకశాలలను విడిచి సినిమాహాళ్లకు చేరిరి. తెల్లవారువరకు సాగు నాటకము, సాగదీసిన పద్యము వారికి భారములైనవి. నాటకమును తెచ్చి బొమ్మలాటను మోటన్నవారి కుమారులును మనుమలును నాటకమును పాతదన్నారు. ఒక తరము మరొక తరమునకు చేసినది మూడవ తరము దానికి చేసినది.

సరిహద్దు తరువాత

1953 తరువాత బళ్ళారి తెలుగువారికి వేరొక మార్పు ఎదురైనది. పట్టణము మైసూరు రాష్ట్రమున చేరుటచే పాఠశాలయందును కచేరీయందును కన్నడము ప్రధానమైనది. ఇది న్యాయమే, ఆ సీమ కన్నడిగులకు కూడ జన్మభూమియే, వారికిని తమ భాషపై అట్టి ప్రేమయే కలదు. కాని దీని ఫలితముగా తెలుగు ఇండ్లలో వయోభేదమునకు భాషాభేదము తోడైనది. తాతకు తెలుగు పద్యము వినోదము; తండ్రికి తెలుగు సినిమా పాట; మనుమనికి కన్నడ చిత్రమో హిందీ చిత్రమో, నేడు చేతిలోని ఫోనులో కదలు బొమ్మయో. తాత పద్యము చదివినపుడు మనుమడు దానిని పాతదని కాక, తెలియనిదని తొలగిపోవును. రుచిభేదము వయస్సు పెరిగినకొలది సరిపడవచ్చును. భాష తెలియనిచో సరిపడు దినము రాదు. ఇరువదియేండ్లకు రుచింపని సారంగధరుడు ఏబదియేండ్లకు రుచించును. కాని ఆ ఏబదియవ యేట ఆతనికి ఆ భాష ఉండవలెను.

బళ్ళారి పట్టణమున రాఘవ పేర వెలసిన కళామందిరము ఇప్పటికిని నిలిచియున్నది. అందు కన్నడ నాటకములును తెలుగు నాటకములును ప్రదర్శింపబడుచు వచ్చినవి. రామకృష్ణమాచార్యులవారు రెండు భాషలలో నాటకము వ్రాసినట్లే, వారి మేనల్లుని పేరిట మందిరమును రెండు భాషలకు నెలవైనది. బళ్ళారికి ఇదియే తగిన మార్గము. ఒక భాషను త్రోసి మరియొక భాష బ్రతుకునను వాదమునకు ఈ సీమ వినోదచరిత్రయందు ఆధారము లేదు.

ఉపసంహారము

పై విచారణవలన తేలునది ఇది. వయస్సుతో వినోదము నశింపదు. తొలగింపవలసిన బాధ మారుటచే వినోదము రూపు మారును. ఆడుటనుండి చూచుటకు, చూపుటనుండి పంచుటకు, నవ్వునుండి కన్నీటితో కూడిన నెమ్మదికి అది నడచును. పెద్దలు పిన్నల వేడుకను దోషమనుటయు, పిన్నలు పెద్దల వేడుకను విసుగనుటయు, తాము నిలిచిన మెట్టునే మేడయనుకొనుటవంటివి. మహానవమి రంగమును చూచిన రాయలు ఆ మల్లులను నిందింపలేదు. బళ్ళారి వకీళ్లను చూచిన చెన్నపురి యువకుడు వారి వయస్సును పరిహసింపలేదు.

తెలుగుసంఘములు నేడు ఊరూర ఉగాదికిని సంక్రాంతికిని కూడుచున్నవి. ఆ కూటములలో పిల్లలు ఒక గదిలోను, యువకులు ఆరుబయటను, పెద్దలు సభామండపమునను వేర్వేరుగా ప్రొద్దుపుచ్చి ఇండ్లకు మరలుట తరచుగా కానవచ్చును. బొమ్మలాట తెర యెదుట మూడు తరములు ఒకే చాపమీద కూర్చున్న రాత్రిని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, ఒకే మండపమున గంటసేపైనను అందరికిని పాలుగల ఆట యొకటి ఏర్పరచుట కష్టము కాదు. ఆ ఆటలో కేతిగాని హాస్యమును ఉండవలెను, రాముని విలాపమును ఉండవలెను. హాస్యము ముగియగనే పిల్లవాడు తల్లి ఒడిలో నిద్రపోయినను చింతలేదు. కథ తెలుగున సాగుచుండగా ఆతడు నిద్రించినచో, ఆ భాష ఆతని చెవిన పడును. మిగిలిన కథను వినవలసిన వయస్సు వచ్చినపుడు ఆతడు దానిని వెదకికొనును.